కళ్ళు మూసుకుని పట్టిన క్యాచ్

ఆయన చేతులకు పది వేళ్ళూ ఉండేవి. ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు.

తలుపు బందులు చేసే ఫ్యాక్టరీ యజమాని కాబట్టి, కొత్తగా చూసినవాళ్ళు అది మిషన్ల పని అనుకునేవాళ్ళు. కాదు, బంతి పని. సగం జీవితం వికెట్ల వెనక గొంతుక్కూర్చున్న మనిషి. మిషన్లు ఆయన్ని ఏమీ చేయలేదు. ఫ్యాక్టరీలో ఆయన్ని ఓనరుగారని ఎవరూ అనేవాళ్ళు కాదు. కీపరుగారు అనేవాళ్ళు. జీతాల రోజున కూడా అంతే.

కుర్రతనంలో ఆయన వేరొకరి షెడ్డులో ప్రెస్సు మీద కూలీ. ప్రెస్సు పని చెప్పడానికి సులువు. ఎడమ చేత్తో ఇనప రేకు లోపలికి తోయాలి. పాదంతో పెడల్ తొక్కాలి. పై నుంచి బరువు దిగి రేకును కోస్తుంది. కుడి చేత్తో ముక్క తీసేయాలి. మళ్ళీ రేకు, మళ్ళీ పాదం. చెయ్యి బయటికి రాకముందే పాదం కదిలితే వేలు పోతుంది. ఆ వీధిలో చాలామందికి పోయాయి. టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకునే తీరు చూసి ఎవరు ఎన్నేళ్ళుగా ప్రెస్సు మీద ఉన్నారో చెప్పొచ్చు.

పక్క ప్రెస్సు మీద కూర్చునే మనిషికి పోయినప్పుడు ఆయన చూశాడు. ఆ మనిషి బరువు దిగిన ప్రతిసారీ కళ్ళు మూసేవాడు. చప్పుడుకి అలవాటైన రెప్ప. ఆ సాయంత్రం ఆయన గ్రౌండుకి వెళ్ళి, వికెట్ల వెనక కూర్చుని, దాని గురించే ఆలోచించాడు. బ్యాటు కళ్ళ ముందు నుంచి తిరిగిపోయే క్షణంలో రెప్ప వేయకూడదు. కీపరుకి మొదటి పాఠం అదే. ఎత్తుగా లేచిన బంతి కింద నిలబడినవాళ్ళ మొహాలు కూడా అక్కణ్ణించి బాగా కనిపిస్తాయి. కొందరు చివరి క్షణంలో మొహం తిప్పేస్తారు. వాళ్ళ చేతుల్లోంచి బంతి జారిపోతుంది.

తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నప్పుడు ఆయన ఒక నియమం పెట్టాడు. కొత్తగా పనికి వచ్చినవాణ్ణి వెనక పెరట్లో నిలబెట్టి, బ్యాటుతో బంతిని ఆకాశంలోకి కొట్టేవాడు. వాడు పట్టుకున్నాడా వదిలేశాడా అని చూసేవాడు కాదు. కళ్ళు చూసేవాడు. చివరిదాకా తెరిచి ఉంచినవాడు, బంతి మోచేతికి తగిలి పడిపోయినా సరే, ప్రెస్సు మీద కూర్చునేవాడు. మూసినవాడు ప్యాకింగ్‌కో, నూనె వేసే పనికో వెళ్ళేవాడు.

"దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నా మా సార్ ముందు ఓ క్యాచ్ పట్టమంటారు" అనేవాడు మేస్త్రీ. కీపరుగారి మొదటి ప్రెస్సు మీద కూర్చున్న మొదటి మనిషి ఇతనే. నోటికి మూత లేనివాడు.

"పట్టకపోతే?"

"పట్టకపోయినా పర్లేదు. కళ్ళు తెరిచి ఉంచాలి. లేకపోతే దేవుడైనా ప్యాకింగే."

నవ్వుకునేవాళ్ళు. కానీ ఒక్క ప్రెస్సు పది అయింది, పది హాలు నిండా అయ్యాయి. ఆ హాల్లో ఒక్కరికీ గోరు కూడా పోలేదు. వీధిలో ఇంకే షెడ్డూ ఆ మాట చెప్పుకోలేకపోయింది.

ఒకసారి ఆయనకి పెద్ద జట్టులోకి పిలుపు వచ్చింది. బయల్దేరాల్సిన ఉదయమే ప్రెస్సులో రేకును కోసే అచ్చు, డై, విరిగింది. మొదటి పెద్ద సరుకు ఆ డై మీదే నడుస్తోంది. ఆయన చొక్కా చేతులు మడిచి దాని ముందు కూర్చున్నాడు. సాయంత్రానికి డై బాగైంది. జట్టు వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే "డై మాత్రం చాలా ఏళ్ళు పనిచేసింది" అనేవాడు.

పెళ్ళయి వచ్చినప్పుడు ఆయన భార్య వెంట ఒక పెట్టె, ఒక తమ్ముడు వచ్చారు. తల్లి లేని పిల్లవాడు. పెట్టె అటక మీదకి వెళ్ళింది. తమ్ముడు ఇంటి మధ్యలోకి వచ్చాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ మొదటి రోజుల్లో ఆమె నేల మీద కూర్చుని బందులకి సీలలు ఎక్కించేది. రెండు రెక్కలు కలిపి, సీల దూర్చి, తెరిచి మూసి చూసి పక్కన పెట్టేది. పక్కనే తమ్ముడు అన్నం తింటూ ఉండేవాడు. కంటికి రెప్పలా పెంచింది అని చుట్టుపక్కలవాళ్ళు అనేవాళ్ళు.

పెంచింది ఆమె ఒక్కతే కాదు. సాయంత్రాలు గ్రౌండుకి తీసుకెళ్ళింది ఆయనే. బంతి ఎలా పట్టుకోవాలో చూపించింది ఆయనే. పెరిగాక ఆ బావమరిది ఫ్యాక్టరీ జట్టులో అందరికన్నా మంచి ఫీల్డరు. ఎంత ఎత్తు లేచినా, ఎంత దూరం పోయినా బంతి అతని చేతుల్లోకే వచ్చేది.

"ఏం బావా, మా అక్కకి కూడా పెరట్లో క్యాచ్ పరీక్ష పెట్టావా?"

"పెట్టక్కర్లేదురా. నిన్ను పట్టుకుని వచ్చింది. అంతకంటే కష్టమైన క్యాచ్ ఉందా?"

"వదిలేసుంటే సుఖంగా ఉండేవాడివి."

"వదిలేస్తే మీ అక్క నన్ను వదిలేసేది."

ఆమె లోపలి నుంచి "ఇద్దర్నీ వదిలేస్తాను, చేతులు కడుక్కుని రండి" అనేది.

అతను ప్యాకింగ్‌లో పనిచేసేవాడు. డబ్బాల మీద కాగితాలు అంటించేవాడు. హాల్లోకి వెళ్ళి ప్రెస్సుల వరసను చూస్తూ నిలబడేవాడు. అక్కడ కూర్చునేవాళ్ళదే ఫ్యాక్టరీ, తక్కినవాళ్ళం ఊరికే ఉన్నాం అనుకునేవాడు. "బావా, నన్నెప్పుడు కూర్చోబెడతావు?" అని అడిగేవాడు. ఆయన "చూద్దాం" అనేవాడు.

ఆయనకి తెలుసు. వికెట్ల వెనక నుంచి ఎన్నోసార్లు చూశాడు. బావమరిది బంతి చేతిలో పడే క్షణంలో కళ్ళు మూసుకుంటాడు. ప్రతిసారీ మూసుకుంటాడు, ప్రతిసారీ పట్టుకుంటాడు. ఆయనకు అర్థం కాని విషయం అదొక్కటే. పట్టుకున్నవాడికి తప్పు ఎలా చెప్పాలో తెలియక ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఒక సేల్స్‌మన్ ఇంటికి వచ్చాడు. బల్ల మీద ఒక పెట్టె పెట్టి తెరిచాడు. అందులో అరచేయంత ఎర్ర బొత్తాలు రెండు.

"ప్రెస్సుకి ఈ పక్కొకటి, ఆ పక్కొకటి సార్. పెడల్ తీసేస్తాం. రెండూ ఒకేసారి నొక్కితేనే బరువు దిగుతుంది. రెండు చేతులూ బొత్తాల మీదుంటే ఇక లోపల ఏ చెయ్యి ఉంటుంది?"

"నా దగ్గర ఒక్కరి గోరు పోలేదు. నాకెందుకివి?"

"మనిషన్నాక రెప్ప వేస్తాడు కదా సార్."

"వేసేవాణ్ణి నేను కూర్చోబెట్టను."

సేల్స్‌మన్ పెట్టె మూసుకున్నాడు. అతనికి మంచినీళ్ళిచ్చిన ఆమె గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. అతను వెళ్ళాక "పెట్టించుకుంటే పోయేదేముందండీ?" అంది.

"బొత్తాన్ని నమ్ముకున్నవాడు కళ్ళని నమ్మడం మానేస్తాడు."

మర్నాడు ఈ సంగతి విని మేస్త్రీ "సార్ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నాలుగోది మనమే ప్యాక్ చేసేశాం" అన్నాడు. ఆయన కూడా నవ్వాడు.

తర్వాత కొన్నాళ్ళకి, మధ్యాహ్నం భోజనాల వేళ, బావమరిది పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో బ్యాటు, బంతి. పనివాళ్ళంతా గోడ నీడలో కూర్చుని తింటున్నారు. ఆమె క్యారియరు తీసుకుని అప్పుడే వచ్చింది.

"కొట్టు బావా. ఇవాళ తేల్చేద్దాం."

"తిన్నాక చూద్దాంలే."

"నీ చూద్దాం నాకు తెలుసు. కొట్టు."

ఆయన లేచి బ్యాటు తీసుకున్నాడు. బంతి షెడ్డు కప్పు దాటి పైకి వెళ్ళింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు గుండె దగ్గరకి తెచ్చి, పట్టుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె క్యారియరు కింద పెట్టి కొట్టింది.

ఆయన బ్యాటు గోడకి ఆనించాడు.

"ప్యాకింగ్‌లోనే ఉండు."

చప్పట్లు ఆగాయి.

"ఎందుకు?"

"కళ్ళు మూశావు."

"బంతి చేతిలో ఉంది కదా!"

"ఉంది."

"అంపైరు కళ్ళు చూసి అవుటిస్తాడా బావా?"

"ప్రెస్సు అంపైరు కాదురా."

"మళ్ళీ కొట్టు."

మళ్ళీ కొట్టాడు. అతను ఈసారి కళ్ళు పెద్దవి చేసుకుని, మెడ బిగబట్టి, బంతినే చూస్తూ నిలబడ్డాడు. బంతి దగ్గరికొచ్చింది. రెప్పలు పడ్డాయి. బంతి చేతుల్లో ఉంది. గోడ నీడలో ఎవరో నవ్వారు. చెడ్డగా కాదు, ఊరికే నవ్వారు. అతను ఆ నవ్వు వచ్చిన వైపు చూడలేదు. బంతిని విసరలేదు కూడా. వంగి, గుడ్డును దించినట్టు నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె "నలుగురిలో అనాలా?" అంది.

"నలుగురి కోసమే ఆ నియమం."

"వాడు నలుగురిలో ఒకడా?"

ఆయన కంచం తీసుకుని లేచాడు.

ఆ వారంలోనే అతను పక్క షెడ్డులో చేరాడు. గోడకి అవతల. అక్కడా ప్రెస్సులే. వాళ్ళు బంతి కొట్టలేదు, బల్ల చూపించి కూర్చోమన్నారు. ఇంట్లో మాత్రం ఎప్పటిలాగే ఉండేవాడు. ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. పప్పు అందించమంటే అందించుకునేవాళ్ళు. బావా అన్న మాట మాత్రం ఆ ఇంట్లో వినిపించడం మానేసింది.

ఆయన తన గదిలో కుర్చీని గోడ పక్కకి జరుపుకున్నాడు. గాలి కోసమని చెప్పాడు. అక్కడ గాలి రాదు. గోడలోంచి అవతలి ప్రెస్సుల చప్పుడు వస్తుంది. అన్ని ప్రెస్సులూ ఒకేలా కొడతాయని బయటివాళ్ళు అనుకుంటారు. కాదు. ప్రతి మనిషికీ ఒక లయ ఉంటుంది. బావమరిది లయ ఆయనకి మొదటి పూటే దొరికింది. గబగబా కొన్ని దెబ్బలు, చిన్న ఆలస్యం, మళ్ళీ గబగబా. ఆ ఆలస్యం దగ్గర ఆయన ఊపిరి బిగబట్టేవాడు. దెబ్బ పడితే వదిలేవాడు. మేస్త్రీ లోపలికొచ్చి ఏదైనా అడిగితే చెయ్యెత్తి ఆగమనేవాడు. మేస్త్రీకి కొన్నాళ్ళకి అర్థమైంది. తలుపు దగ్గరే నిలబడి ఆయనతో పాటు వినేవాడు. అంతటి వాగుడుకాయా ఒక్క మాట అనేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం ఆ లయ ఆగింది.

ఆగడం మామూలే. రేకు అయిపోతుంది, మనిషి నీళ్ళకి లేస్తాడు. ఆయన మళ్ళీ మొదలవుతుందని చూశాడు. పక్క ప్రెస్సు ఆగింది. దాని పక్కది ఆగింది. ఒక్కొక్కటిగా గోడ అవతల అంతా ఆగిపోయింది. అప్పుడు లేచాడు. ఎన్నడూ పరుగెత్తనివాడు వీధిలో పరుగెత్తాడు.

అతని కుడి చేతికి బొటనవేలొక్కటే మిగిలింది.

ఆసుపత్రిలో అతను గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆమె మంచం అంచున కూర్చుని అతని జుట్టు సరిచేస్తోంది. ఆయన లోపలికొచ్చాడు. అడుగుల చప్పుడును బట్టి అతనికి తెలిసింది.

"చెప్పానుగా అనడానికొచ్చావా?"

"లేదురా."

"అనెయ్. నువ్వు అనకపోతే నేనే రోజూ అనుకోవాలి."

ఆయన నోటికొచ్చింది ఒకటే.

"ఏమన్నా తిన్నావా?"

ఆమె తల ఎత్తి భర్తని చూసింది. కోపంగా కాదు. ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

కట్టు విప్పాక అతను ఇంటికి రాలేదు. వేరే ఊళ్ళో స్నేహితుడి కొట్లో గల్లా దగ్గర కూర్చుంటానని వెళ్ళిపోయాడు. ఆమె అప్పుడప్పుడు బస్సెక్కి వెళ్ళి చూసొచ్చేది. ఎడమ చేత్తో రాయడం వచ్చిందని, ఎడమ చేత్తో తినడం మాత్రం ఎవరైనా చూస్తుంటే మానేస్తాడని చెప్పేది. బావ గురించి అడిగాడని ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన సేల్స్‌మన్‌కి కబురు పెట్టాడు. అతను రెండు బొత్తాల పెట్టెలు బండినిండా తెచ్చాడు. పెడళ్ళు ఊడదీసి గేటు పక్కన పోగుపెట్టారు. ప్రతి ప్రెస్సుకీ ఎర్ర బొత్తాలు వచ్చాయి. మేస్త్రీ వాటిని చూస్తూ, అలవాటుకొద్దీ, "చేతులు కాలాక..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. మిగతా సగం హాల్లో అందరికీ తెలుసు.

"పూర్తి చెయ్యి" అన్నాడు ఆయన.

మేస్త్రీ తలదించుకుని స్పానరు వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రం ఆమె హాలుకి వచ్చింది. మిషన్లు ఆగి ఉన్నాయి. ఒక బొత్తం మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"ఇవి అప్పుడే ఉంటే వాడు కళ్ళు మూసుకున్నా పర్లేదు కదండీ?"

దెప్పడానికి అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది.

"పర్లేదు" అన్నాడు.

ఆ ఏడే ఒక మ్యాచ్‌లో బంతి బ్యాటు పక్కనుంచి దూసుకొచ్చింది. ఆయనకి రెప్ప పడింది. బంతి గ్లోవ్స్‌కి తగలకుండా బౌండరీ దాకా పోయింది. ఎవరూ పట్టించుకోలేదు, వయసు మీద పడింది అనుకున్నారు. ఆయన ఆ ఓవరు అయ్యాక ప్యాడ్లు విప్పేశాడు. గ్లోవ్స్ మేస్త్రీకిచ్చాడు. మేస్త్రీ వాటిని వేడి డైలు పట్టుకోవడానికి వాడబోయి, మనసొప్పక, మేకుకి తగిలించాడు.

కొత్తవాళ్ళు వచ్చినప్పుడు పెరట్లోకి ఎవర్నీ తీసుకెళ్ళలేదు. నేరుగా ప్రెస్సు దగ్గర కూర్చోబెట్టేవాడు. పెరట్లో గడ్డి పెరిగింది.

"ఒక్కసారి రమ్మను వాణ్ణి" అని ఆమెతో అన్నాడు. "మిషను ముట్టక్కర్లేదు. హాలంతా వాడే చూసుకుంటాడు. నేను గేటు దగ్గర కూర్చుంటాను."

"మీరే అడగండి."

"నేనడిగితే రాడు."

"నేనడిగితే నా కోసం వస్తాడు. మీ కోసం రాడు. అది చాలా మీకు?"

"చాలు."

ఆమె వెళ్ళి అడిగింది. అతను చాలా రోజులు ఏమీ చెప్పలేదు. తర్వాత వస్తానన్నాడు.

అతను వచ్చే రోజు తెల్లవారకముందే ఆమె వంట మొదలుపెట్టింది. అతని గదిలో దుప్పటి మార్చింది. మంచం పక్కన కుర్చీ వేసింది. ఎడమ చేతికి అందేలా నీళ్ళ చెంబు అటు పక్క పెట్టింది. భోజనాల బల్ల మీద మూడు కంచాలు పెట్టి, అతనివైపు చెంచా కూడా పెట్టి, మళ్ళీ ఏమనుకుంటాడోనని మూడింటికీ చెంచాలు పెట్టింది.

అతను ఇంటికి రాకుండా ముందు ఫ్యాక్టరీకి వచ్చాడు. కుడి చెయ్యి జేబులో ఉంది. బుగ్గలు లోపలికి పోయాయి. మేస్త్రీ ఎదురెళ్ళి "ఏం బావమరిదిగారూ, గల్లా దగ్గర కూర్చుని కూడా చిక్కిపోతారా ఎవరైనా?" అన్నాడు. అతను నవ్వాడు. ఆ నవ్వు పాతదే.

ఆయన గదిలోంచి బయటికొచ్చాడు. ఏం చెప్పాలో చాలా రోజులుగా అనుకుని పెట్టుకున్నాడు. అందులో ఒక్క మాటా గుర్తురాలేదు.

"బొత్తాలు పెట్టించాను" అన్నాడు.

"అక్క చెప్పింది."

అతను వరసలో మొదటి ప్రెస్సు దగ్గరకి నడిచాడు. అక్కడి మనిషి లేచి చోటిచ్చాడు. అతను కూర్చున్నాడు. ఎడమ చేత్తో రేకు లోపలికి తోసి సరిచూశాడు. చెయ్యి బయటికి తీసుకున్నాడు. ఎడమ అరచెయ్యి ఒక బొత్తం మీద పెట్టాడు. జేబులోంచి కుడి చెయ్యి తీశాడు. ఎవరూ చూడనట్టు నటించడానికి కూడా వీల్లేకుండా అందరూ చూశారు. బొటనవేలొక్కటే ఉన్న ఆ చేతిని రెండో బొత్తం మీద ఆనించాడు.

తర్వాత మొహం బావ వైపు తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు. ఈసారి రెప్పలు వాటంతట అవి పడలేదు. తనే మూసుకుని, మూసే ఉంచాడు.

నొక్కాడు. బరువు దిగింది. ముక్క కింద తొట్టిలో పడింది.

"బాగుంది బావా" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆ మాట. "కళ్ళు అక్కర్లేదు."

"అక్కర్లేదురా."

"అప్పుడూ దొరికేవటగా ఇవి. అక్క ఊరికే అంది, నీ మీద చెప్పాలని కాదు."

"దొరికేవి."

అతను తలూపాడు. చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకుని లేచాడు.

"ఉంటావా?"

"బస్సుకి వేళవుతోంది."

"మీ అక్క వండింది. పొద్దుట్నించీ వండుతోంది."

"తెలుసు. అక్క అన్నం పెడితే ఉండిపోతాను. అందుకే ముందు ఇక్కడికొచ్చాను."

ఆయన చెయ్యి చాచాడు, ఆపడానికో, భుజం మీద వేయడానికో. వంకర వేళ్ళు గాలిలో కాసేపు ఉండి దిగిపోయాయి. అతను గేటు దగ్గర తుప్పు పట్టిన పెడళ్ళ పోగు చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

ఆయన తొట్టిలోకి వంగి ఆ ముక్క తీసుకున్నాడు.

ఇంట్లో ఆమె గుమ్మంలోనే ఉంది. ఆయన వెనక వీధి చివరిదాకా చూసింది.

"వాడేడీ?"

ఆయన బల్ల దగ్గరికెళ్ళి, మూడో కంచం పక్కన, చెంచా పక్కన ఆ ముక్క పెట్టాడు. తలుపు బందు రెక్క. మరలకి బెజ్జాలున్న ఇనప ముక్క. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. ఆ ఇంటి నేల మీద కూర్చుని అలాంటివి ఎన్నో కలిపిన మనిషి. ఆమె బొటనవేలు దానంతట అదే ఒక్కో బెజ్జం అంచునీ తడుముకుంటూ వెళ్ళింది.

"వాడు చేసిందేనా?"

"ఊఁ."

"రెండో రెక్క?"

"ఒక్కటే చేశాడు."

ఆమె ఇంకోసారి అంచు తడిమి చూసింది.

"ఎక్కడా గరుకు లేదు" అంది.